చిల్లగింజకు లొంగని నీళ్లు

ఓబులమ్మ బావిని ఉప్పు చేసింది నేను. ఆళ్లగడ్డకు పోయే రోడ్డు పక్కన నేను పెట్టుకున్న మంచినీళ్ల ప్లాంటు పనికిరావని వదిలేసిన నీళ్లు ఆమె బావిలోకి దిగి, ఊరంతా తియ్యబావి అని పిలిచిన బావిని బర్రె కూడా మూతి పెట్టని బావిగా మార్చినాయి. ఆమె వచ్చి అడిగితే, తప్పు ఆమెదేనని నలుగురిలో పాఠం చెప్పి పంపించినాను. చిన్ననాటి సంగతులు రాయడానికి కూర్చున్న ముసలివాళ్ళు ముందు పండగలూ పిండివంటలూ చెప్పి, చేసిన పాపం ఏదైనా ఉంటే చివర్లో ఒక మూలన పెడతారు. నాకు ఆ మర్యాద వద్దు. అందుకే ముందే చెప్తాండా.

ఇప్పుడు నేను రాస్తున్న బల్ల మీద, కళ్ళజోడు పక్కన, బురదనీళ్లను తేర్చే చిల్లగింజ ఒకటి ఉంది. చొక్కా గుండీ అంత ఉంటుంది, ఒక పక్క గుండ్రంగా, ఇంకో పక్క అరిగి చదునుగా. అటక మీది ఇత్తడి సామాను దింపి చింతపండుతో తోముతుంటే మా అవ్వ పోపుల డబ్బా మూలలో ఇరుక్కుని దొరికింది. ఊరికే ముక్కు దగ్గర పెట్టుకుంటే దానికి వాసనే లేదు. సానరాయి మీద రవ్వన్ని నీళ్లు చల్లి అరగదీస్తే మాత్రం పచ్చికుండ వాసన వచ్చింది, దాని వెంబడే కాలువ కొత్తనీళ్ల వాసన, అవ్వ చేతికి ఎప్పుడూ ఉండే పొగాకు వాసన. చెయ్యి కడుక్కోబుద్ధి కాలేదు.

మా అవ్వోళ్ళ ఊరు ఆళ్లగడ్డకు ఇవతల, కేసీ కాలువ కింద, నల్లరేగడి నేల. మా నాయన నంద్యాలలో బియ్యం మిల్లులో పని చేస్తా, తల్లిలేని నన్ను అవ్వ దగ్గర వదిలినాడు కాబట్టి నా బాల్యమంతా ఆ కాలువ గట్టు మీదనే గడిచింది. ఎండాకాలమంతా ఎండి, అడుగున నెర్రెలిచ్చిన కాలువలోకి, పైన యాడనో తుంగభద్రకు వరద వచ్చిందని మాకు తెలిసేలోపే, ఒక పొద్దున నురగను ముందర తోసుకుంటూ, ఎండుటాకులు, తుమ్మకాయలు, ఎవరివో తెగిన చెప్పులు, ఒక్కోసారి పామును కూడా మోసుకుంటూ, ఇటుకపొడి కలిపినట్టుండే ఎర్రనీళ్లు వచ్చేవి. పిల్లలం ఆ నురగకన్నా ముందు పోవాలని గట్టు మీద అరుచుకుంటూ పరుగెత్తేవాళ్ళం. ఆడోళ్ళు పసుపు కుంకుమ చల్లి, కడవలు ముంచుకుని, చంకనొకటి తల మీదొకటి పెట్టుకుని వరసగా వచ్చేవాళ్ళు. ఆ పొద్దు ఊరి దారంతా తడిసి, తొలకరి వాసనే కాకుండా ఇంకేదో, దూరపు కొండల మట్టి వాసన వేసేది.

ఆ ఎర్రనీళ్లు అట్లనే తాగడానికి లేదు. అప్పుడు అవ్వ చిల్లగింజలు తీసేది. అవి నల్లమల చెట్ల గింజలు. అహోబిలం పోయినప్పుడు, కొండ కింద తేనె, కుంకుడుకాయలు అమ్మే చెంచామె దగ్గర, జొన్నలిచ్చి ఒక గుడ్డమూటెడు తెచ్చుకునేది. రాలినవే ఏరుకొస్తామని, కొమ్మలు దులిపేది లేదని ఆ చెంచామె ప్రతిసారీ చెప్పేది. రాలినవి సగం మీకిచ్చి, సగం పిట్టలకు వదిలినామని నవ్వేది. అవ్వ ఆ గింజను తడిపి, కుండ లోపలి గోడకు మెల్లగా గుండ్రంగా రుద్దేది. గరగరమనే ఆ చప్పుడు పెరట్లో నుంచి వినిపిస్తే చాలు, కొత్తనీళ్ల కాలం వచ్చిందని పక్కింటోళ్ళకు తెలిసేది. రుద్దిన కుండలో ఎర్రనీళ్లు పోసి, గుడ్డ కట్టి, కదిలించకుండా రాత్రంతా ఉంచితే, పొద్దున్నే మూత తీసేసరికి నీళ్లు కొబ్బరినీళ్ల మాదిరి తేటగా, అడుగున ఎర్రటి మట్టి పొరగా కూర్చుని ఉండేది. పైనీళ్లు వంచుకున్నాక ఆ మట్టినీళ్లు సొరపాదుకు పోసేది అవ్వ. నీళ్లను పారబోయడం అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా విన్న గుర్తు లేదు నాకు. ముఖం కడిగినవి అరటికి, బియ్యం కడిగినవి బర్రె కుడితికి, కుండ అడుగువి పాదుకు. నీళ్లకు ఎప్పుడూ ఇంకొక పని ఉండేది.

కాలువ ఆగిపోయే ఎండాకాలంలో మాకు దిక్కు తియ్యబావి. అది ఓబులమ్మ వాళ్ళ నాయన పుల్లన్నది. చుట్టుపక్కల బావులన్నీ ఉప్పదనం కలిసిన సవ్వ నీళ్లవి. ఆ నీళ్లలో కందిబేడలు పొద్దంతా ఉడికినా పలుకు పోదు, సబ్బు నురగ రాదు, తలంటుకుంటే వెంట్రుకలు జడలు కడతాయి. పుల్లన్న బావి ఒక్కటే ఎందుకో తియ్యగా పడింది. పొద్దెక్కకముందే ఎద్దులు కపిల లాగుతా వెనక్కూ ముందుకూ నడుస్తుంటే, తోలు సంచి గుబగుబమని తొట్టిలో కుమ్మరించే చప్పుడూ, తాడు కీచుమనే చప్పుడూ, పుల్లన్న ఎద్దులను పేర్లు పెట్టి బుజ్జగించే గొంతూ కలిసి వినిపించేవి. ఊర్లో ఎవరి కడవనూ ఆయన ఆపిన రోజు లేదు. ఓబులమ్మ నాకన్నా చిన్నది. తొట్టి అంచున కూర్చుని కాళ్ళాడిస్తా, కడవలు తప్పుగా పెట్టినోళ్ళను కసిరేది. "ఏం సుబ్బన్నా, నీ కడవ తాగిందా ఏందీ, అట్ల ఊగుతాంది?" అనేది నన్ను. పప్పు ఉడకాలంటే, గురుగాకు పప్పులో మెత్తగా కలవాలంటే, ఓళిగల పూర్ణం రుబ్బితే వెన్నలా రావాలంటే, ఆ బావి నీళ్లే. పండగ ముందరి రోజు ఊర్లో సగం మంది ఆడనే ఉండేవాళ్ళు.

అహోబిలం నరసింహస్వామి పల్లకీ పారువేట ఉత్సవానికని పల్లె పల్లెకూ తిరుగుతుంది కదా, అది మా ఊరికొచ్చే రోజు మాకు ఉగాదికన్నా పెద్దది. స్వామి తన పెండ్లికి మనల్ని పిలవడానికి స్వయంగా వస్తాడని అవ్వ చెప్పేది, అందుకే ఇల్లంతా అలికి, ముగ్గులేసి, పల్లకీ వెంబడి వచ్చే జనానికంతా పానకం చేసేవాళ్ళు. ఒక ఏడు కాలువకు పైన గండి పూడ్చి మళ్ళీ వదిలినారేమో, చలికాలంలో కూడా నీళ్లు బురదగా వచ్చినాయి. పెద్ద కుండలు వరసగా పెట్టి, ఒక్కో కుండకు కొంచెం కొంచెం అరగదీయమని అవ్వ నాకూ ఓబులమ్మకూ గింజలిచ్చి, పిండివంటల పనిలో పడింది. కొంచెం రుద్దితేనే ఇంత తేటైతే, ఎక్కువ రుద్దితే ఇంకెంత తేటవుతుందో అనిపించింది నాకు. ఓబులమ్మ వద్దంటున్నా వినకుండా, గింజలు గోరంత పలచనయ్యేదాకా కుండలన్నింటికీ పట్టించినాను. వేళ్ళు తిమ్మిరెక్కినా ఆపలేదు.

తెల్లవారి మూతలు తీస్తే ఏ కుండలోనూ నీళ్లు తేరలేదు. బియ్యం కడిగినట్టు, రేగిపోయి అట్లే ఉన్నాయి. అవ్వ చెయ్యి ముంచి, నాలుక్కి తగిలించుకుని, నా వైపు చూసింది.

"ఏం సేసినావురా? గింజలన్నీ తాపించినావా నీళ్లకు?"

"నేను సాలు సాలంటే ఇనల్యా అవ్వా," అనింది ఓబులమ్మ వెంటనే. "ఇంగా ఇంగా అంటానే ఉన్యాడు."

పల్లకీ పొలిమేరలోకి వచ్చిందని డప్పులు వినిపిస్తున్నాయి. స్వామి వెంబడి వచ్చినోళ్ళకు నీళ్లు లేవని చెప్పడం అవ్వకు చావుతో సమానం. ఓబులమ్మ పరుగెత్తి పోయి వాళ్ళ నాయనకు చెప్పింది. కొత్త పంచె కట్టుకుని బయలుదేరిన పుల్లన్న, ఆ పంచెతోనే ఎద్దులను కట్టి కపిల తోలినాడు. ఆ నీళ్లతోనే గంగాళాల్లో బెల్లం కరిగింది, మిరియాలూ యాలకులూ పడినాయి, ఊరంతా, పల్లకీ మోసినోళ్ళూ, డప్పులోళ్ళూ కడుపునిండా తాగినారు. అవ్వ దండం పెట్టబోతే పుల్లన్న చేతులు పట్టుకుని, "తాగేదానికి అడిగితే బావికి తాళమేస్తామా అత్తా," అన్నాడు. నేను పాడుచేసిన నీళ్లను మాత్రం అవ్వ పారబోయలేదు. చెంబుతో ముంచి ముంచి పెరట్లో మొక్కలకు పోసింది.

బడి ఎనిమిదో తరగతితో అయిపోయింది. నాయన పోయినాక నంద్యాల మిల్లులోనే కూలికి చేరి, తర్వాత మోటార్లు విప్పి బిగించే పని నేర్చుకున్నాను. ఉడికిన వడ్ల వాసనలో, ఊకపొగలో, పాత పేపర్ల అంగట్లో తూకానికి దొరికే అట్టల్లేని రసాయన శాస్త్రం పుస్తకాలు తెచ్చుకుని చదివినాను. చెప్పే మాస్టరు లేడు, తప్పు దిద్దే మనిషి లేడు. తెలుసనే పొగరు మాత్రం దండిగా వచ్చింది. చిల్లగింజ మర్మం ఆ పుస్తకాల సాయంతోనే నాకు బోధపడింది. నీళ్లలోని మట్టి రేణువులన్నీ ఒకే రకం విద్యుత్తు మోస్తా, పడని అన్నదమ్ముల మాదిరి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అందుకే కిందికి దిగవు. గింజ రసం వాటి మధ్య చేరి చేతులు కలుపుతుంది. కలిసినవి బరువై అడుగున కూర్చుంటాయి. రసం మితిమీరితే ప్రతి రేణువూ దాన్నే ఒళ్ళంతా పూసుకుని మళ్ళీ తోసులాట మొదలుపెడుతుంది. అది అర్థమైన రోజు పారువేట కుండలు గుర్తొచ్చి మిల్లు ఆవరణలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. కలిసిన మట్టిని తేర్చవచ్చు, కరిగిన ఉప్పును తేర్చలేమని కూడా అవే పుస్తకాల్లో ఉంది. అది కూడా చదివినాను. ఎవరైనా అడిగితే గడగడా చెప్పగలను. నా బతుకులో అది యాడ పనికొస్తుందో మాత్రం ఆలోచించలేదు.

వయసు పైబడినాక, కొడుకు కూడా కలిసొస్తే, అవ్వోళ్ళ ఊరి దగ్గర రోడ్డు మీదికున్న స్థలంలో నీళ్ల ప్లాంటు పెట్టినాము. బోరు నీళ్లు పైకి లాగి, సన్నటి పొరల గుండా తోసి, ఒక పక్క తియ్యనివి, ఇంకో పక్క ఉప్పంతా చేరినవి. తియ్యనివి టిన్నుల్లోకి పోతాయి. ఉప్పువి ఒక పైపులోంచి బయటికి. ఆ బయటికి పోయేవే ఎక్కువ, ఏ ప్లాంటోడూ బోర్డు మీద రాయించని సంగతి అదే. నంద్యాల రోడ్లన్నీ చూడండి, ప్రతి ప్లాంటు వెనకా ఒక పైపు, దాని కింద కంప తప్ప ఇంకేమీ మొలవని తెల్లటి తడి నేల. వాళ్ళను చూసి నేను తిట్టుకునేవాణ్ణి. నేను వాళ్ళలాంటోణ్ణి కాదనుకునేవాణ్ణి. మా అవ్వ ఇంట్లో పెరిగినోణ్ణి, నీళ్లు పారబోస్తానా? మా స్థలంలో ఎండిపోయిన పాతబావి ఉంటే, పైపు తెచ్చి దాంట్లో పెట్టినాను. భూమిలోంచి తీసింది భూమికే ఇస్తున్నానని, నీళ్లకు ఇంకొక పని చూపినానని, వచ్చినోళ్ళందరికీ ఆ బావి చూపించి గొప్పలు చెప్పినాను. పక్క ఊర్ల ప్లాంటోళ్ళు కూడా వచ్చి చూసి, నా మాట విని, ఇంట్లో పాతబావి ఉన్నోళ్ళు ఇట్లనే పైపులు తిప్పుకున్నారు. ఆ పాపం కూడా నాదే.

మా పాతబావికీ పుల్లన్న తియ్యబావికీ మధ్య ఒక గట్టు, రెండు వేపచెట్లు. పుల్లన్న పోయి చాలాకాలమైంది. మొగుడు పోయిన ఓబులమ్మ పుట్టింటి చేనికి తిరిగొచ్చి, ఆ బావి కింద కనకాంబరాలు, మల్లెలు వేసుకుని, పూలు ఆళ్లగడ్డ అంగడికి పంపించి బతుకుతాంది. ఇల్లు గడిచేది ఆ పూలతోనే. ఒక ఎండాకాలం పొద్దున, టిన్నులకు జనం నిలబడి ఉంటే ప్లాంటు దగ్గరికి వచ్చింది.

"మా బావి ఉప్పైంది సుబ్బన్నా. బర్రె వాసన సూసి ఎనక్కి తిరుగుతాంది. ఆకులు అంచుల్లో మాడుతాండాయి. నీ పైపు నీళ్లేమో ఒకసారి సూడు."

నేను చూడలేదు. అంతమంది ముందర ఆ మాట అనిందని ఒళ్ళు మండింది. మూటలకొద్దీ ఎరువులు పోసి, భూమికి ఉప్పెక్కించుకుని, ఇప్పుడు నన్నంటావా అని, పుస్తకాల్లో నేర్చిన మాటలన్నీ ఆమె మీదికి విసిరినాను. లవణాలంటే తెలుసునా, కేశికాకర్షణ అంటే తెలుసునా అని. జనం నవ్వినారు. ఓబులమ్మ నవ్వినోళ్ళ వైపు చూడలేదు, నన్నే చూసింది. తొట్టి అంచున కూర్చుని కడవలు దిద్దే పిల్ల చూపు అది. వచ్చిన దారినే తిరిగి పోయింది.

ఆ చూపు నన్ను వదల్లేదు. ఆమె అహోబిలం పోయిన రోజు చూసి, పట్టపగలు దొంగ మాదిరి గట్టు దాటి, తియ్యబావిలోంచి ఒక చెంబు తోడుకొచ్చినాను. మా ప్లాంటులో నీళ్ల ఉప్పు కొలిచే మీటరు ఉంది, చొక్కా జేబులోనే ఉంటుంది. దాన్ని తీయడానికి ధైర్యం చాలక, అవ్వ చేసినట్టు, ఆ నీళ్లలో గుప్పెడు కందిబేడలు వేసి పొయ్యి మీద పెట్టి కూర్చున్నాను. నీళ్లు మరిగినాయి, ఇగిరినాయి, మళ్ళీ పోసినాను. సాయంత్రం దాకా చూసినాను. బేడలు గిన్నెలో రాళ్ళు దొర్లినట్టు చప్పుడు చేస్తానే ఉన్నాయి. పుల్లన్న బావి నీళ్లలో కందిబేడలు ఉడకలేదు. అప్పుడు మీటరు తీసి ముందు ఆ చెంబులో, తర్వాత నా పాతబావిలో ముంచితే, తేడా చెప్పుకోదగ్గంత లేదు. నేను భూమికి తిరిగిచ్చినాననుకున్నది నీళ్లతో పాటు ఉప్పును. బోరు మళ్ళీ దాన్నే లాగింది, పొర మళ్ళీ వేరు చేసింది, నేను మళ్ళీ ఇంకాస్త చిక్కగా బావికిచ్చినాను. చిల్లగింజలు కుండలకు తాపించిన ఆ పిల్లోడే ఇంగా ఇంగా అంటా ఇదంతా చేసినాడు. ఈసారి పోసుకోవడానికి సొరపాదు లేదు.

పైపు ఆ రోజే తీసేసినాను. "నాయనా, అందరూ వదుల్తానే ఉండారు, మనకేనా ఈ బాధ?" అన్నాడు కొడుకు. వాడికి కోపం రావడం న్యాయమే. ప్లాంటు వాడి పిల్లల కూడు. మూసేయలేదు. సగానికి సగం తగ్గించి, ఉప్పునీళ్లు నేలలోకి దిగకుండా సిమెంటు తొట్టి కట్టి ఎండబెడుతున్నాము. అడుగున తెల్లటి పొర పేరుకుంటాంది. దాన్ని యాడికి పంపాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంతకాలం అది కంటికి కనపడలేదు, ఇప్పుడు కనపడుతుంది, అంతే తేడా. కరిగిన ఉప్పును పల్చన చేయగలిగింది వాన ఒక్కటే కాబట్టి, ప్లాంటు రేకుల కప్పు మీద పడే వాననీళ్లను గులకరాళ్ళ గుంతలో వడకట్టి తియ్యబావిలోకి మళ్ళించడానికి గొట్టం వేయించినాను. గట్టు దాటించేముందు ఓబులమ్మను అడిగినాను. గొట్టానికి అడ్డమొచ్చిన మల్లెపొదను తనే పక్కకు కట్టింది.

నవ్విన జనమే ఉన్న మరో పొద్దున, ప్లాంటు ముందర నిలబడి, ఓబులమ్మ చెప్పిందే నిజమని, నేను చెప్పింది అబద్ధమని గట్టిగా చెప్పినాను. ఆమె రోడ్డు అవతల పూలగంపతో బస్సు కోసం నిలబడి ఉంది. విన్నది. బస్సెక్కి పోయింది. తాగడానికని టిన్నులు పంపితే మూత తీయకుండా వెనక్కి వచ్చినాయి. పక్క ఊర్ల ప్లాంటోళ్ళ దగ్గరికి పోయి పైపులు తీసేయమంటే, ముసలోడికి మతి చలించిందన్నారు. ఒక వానాకాలం పోయింది, ఎండాకాలం పోయింది. కనకాంబరం సగం మడి ఎండింది. ఆమె నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ ఊర్లో చిల్లగింజ పేరు చెప్తే పిల్లలు అదేం ఆటవస్తువని అడుగుతారు. కాలువ ఇప్పటికీ ఎర్రగానే వస్తుంది, నురగ వెంబడి పరుగెత్తే పిల్లోడు లేడు. కడవలు లేవు, వాటిని మోసే నడకలు లేవు, కపిల గిలక తుప్పుపట్టి వేపచెట్టుకు వేలాడుతాంది. పారువేట పల్లకీ వస్తానే ఉంది. పానకం నా టిన్నుల నీళ్లతోనే కలుపుతారు, ప్లాస్టిక్ గ్లాసుల్లో ఇస్తారు. నేను తాగను.

మొన్న పెద్దవాన కురిసి వెలిసినాక, గొట్టంలోంచి నీళ్లు బావిలోకి దూకే చప్పుడు వింటా గట్టు మీద నిలబడినాను. ఓబులమ్మ అవతల బర్రెను కట్టేస్తాంది. ఈ చిల్లగింజ చూపించి, అవ్వ డబ్బాలో దొరికిందని చెప్పినాను. చేతిలోకి తీసుకుని, అరిగిన పక్కను బొటనవేలితో తడిమి, తిరిగి ఇచ్చేసింది. ఇంక ఆగలేక అడిగినాను. నన్ను ఎప్పటికన్నా క్షమిస్తావా, ఒక మాట చెప్పమన్నాను. ఆమె బర్రె మెడ మీద చెయ్యి వేసి, బావి వైపు చూసి, ఇన్నాళ్ళకు నోరు విప్పింది:

"సిన్నప్పుడూ ఇట్లే ఇంగా ఇంగా అని తొందరపడితివి. ఈ పొద్దన్నా ఆగు. వానలు పడనీ. ఈ బర్రె ఈ నీళ్లకు మూతి పెట్టిన దినం నేనే పిలుస్తా. అంతదాకా నువ్వు సచ్చిపోవాకు సుబ్బన్నా."